ఒకే గోదారి, పుస్తకంలో రెండు చాప్టర్లు

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఈ సెమిస్టర్‌లో పర్యావరణం పేపరు ఉన్నవాళ్ళు మాత్రం పరీక్షకి ముందే చదివితే మంచిది.

నేను రావులపాలెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మాది కొండ మీద ఊరు, కొండరెడ్డి కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకే ఏ పాఠం చదివినా ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలా అని ఆలోచన వస్తుంది. కొన్ని పాఠాలు చెప్పడం తేలికే. పర్యావరణం పేపరు మాత్రం చెప్పలేం. ఎందుకంటే అందులో మా ఇంట్లోవాళ్ళు ఉన్నారు, నేరం చేసినవాళ్ళ లిస్టులో.

ముందు ఈ పేపరు ఎలా వచ్చిందో చూద్దాం. ఎం.సి.మెహతా అనే లాయరు వేసిన కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు, స్కూలు నుంచి కాలేజీ దాకా పర్యావరణం గురించి చెప్పాలని ఆదేశించింది. తర్వాత యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల కోర్సు తయారు చేయించింది. ఆర్ట్స్ అయినా సైన్స్ అయినా కామర్స్ అయినా తప్పనిసరి. చాలామంది దీన్ని పాసైతే చాలు అనుకునే పేపరుగానే చూస్తారు. కానీ మన గురించి, మన భూమి గురించి రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి పిల్లా పిల్లాడూ చదివే పేపరు ఇదొక్కటే. కాబట్టి ఇందులో ఏముందో మనం పట్టించుకోవాలి.

గైడు తిరగేస్తే అడవుల చాప్టర్‌లో "అడవుల నరికివేతకు కారణాలు" అని ఉంటుంది. పోడు వ్యవసాయం అందులో మొదటిదో రెండోదో. తర్వాత నీటి వనరుల చాప్టర్, అందులో ఆనకట్టల లాభాలు. లాభాల కింద చాలా పాయింట్లు, నష్టాల కింద "గిరిజనులు నిర్వాసితులగుదురు" అని ఒక లైను. చివర్లో పర్యావరణ నైతికత అని ఇంకో చాప్టర్. వనరుల్ని పొదుపుగా వాడాలి, రేపటి తరాలకి మిగల్చాలి, అందరికీ సమంగా అందాలి. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ రిపోర్టు, 1992లో రియో సదస్సు.

ఆ రియో దగ్గర ఒక మాట ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. భూమి వేడెక్కడం అన్ని దేశాల సమస్యే, అందరికీ బాధ్యత ఉంది, కానీ అందరికీ ఒకే పాళ్ళలో లేదు అని అక్కడ ఒప్పుకున్నారు. వందేళ్ళకి పైగా బొగ్గు, నూనె కాల్చి బాగుపడ్డ దేశాల బాధ్యత ఎక్కువ, ఇప్పుడిప్పుడే కరెంటు చూస్తున్న దేశాలది తక్కువ. మన దేశం కూడా ప్రపంచ సభల్లో ఇదే వాదన చేస్తుంది. న్యాయమైన వాదన. మన గైడులో కూడా రెండు మార్కుల ప్రశ్నగా ఉంది.

నా అనుమానం ఏంటంటే, దేశాల మధ్య ఒప్పుకున్న ఈ లెక్క ఒక జిల్లా లోపల ఎందుకు వేయరు? 2022 దాకా రావులపాలెం, రంపచోడవరం ఒకే తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. అదే నది, అదే కలెక్టరు. ఆ నది నీళ్ళు, ఆ నది ఒడ్డు అడవి ఎవరు ఎంత వాడుకున్నారు, ఎవరు ఎంత పోగొట్టుకున్నారు అని చరిత్ర చూస్తే, గైడులో వేరువేరుగా ఉన్న రెండు చాప్టర్లు ఒకటే కథ అని తెలుస్తుంది.

డెల్టా వైపు నుంచి మొదలుపెడతాను. ఇక్కడివాళ్ళని ఊరికే తిట్టడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు పచ్చగా కనిపిస్తున్న ఈ నేల ఒకప్పుడు ఆకలితో చచ్చింది. 1833 ప్రాంతంలో వచ్చిన కరువుకి గోదావరి, గుంటూరు జిల్లాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7,38,000 మంది ఉంటే 1841కి 5,61,000 మందే మిగిలారు. నది పక్కనే పారుతోంది, నీళ్ళన్నీ సముద్రంలోకి పోతున్నాయి, ఒడ్డున మనుషులు చచ్చిపోతున్నారు. ఆర్థర్ కాటన్ వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలన్నాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. ర్యాలి మా రావులపాలేనికి పక్కనే. కోనసీమకి నీళ్ళు తెచ్చే మధ్య డెల్టా కాలవ ఆ వైపు నుంచే దిగుతుంది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవనే వంతెన కట్టి అవతలికి దాటించారు. అది చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. పాత ఆనకట్ట స్థానంలో 1970 తర్వాత కొత్త బ్యారేజీ కట్టారు, 1982లో పూర్తయింది. దాని కింద దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతుంది. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. పండగలకి దండలు వేస్తారు. వేయనివ్వండి, వాళ్ళ తాతముత్తాతల ప్రాణాలు నిలబడ్డాయి.

అయితే ఆ ఆనకట్ట కట్టించిన మద్రాసు ప్రభుత్వమే, అది పూర్తయిన 27 ఏళ్ళకి, అదే నది ఎగువన ఏం చేసిందో కూడా చదవాలి కదా.

1879 మార్చిలో రంపలో పితూరీ మొదలైంది. మనలో చాలామందికి 1922 తెలుసు, సినిమాల వల్ల. 1879 అంతగా తెలియదు. దాని కారణాలు చూడండి, ఒక్కటి కూడా పెద్ద రాజకీయం కాదు, అన్నీ వనరులే. మొదటిది కల్లు. మనవాళ్ళకి కల్లు తాగుడు వ్యవహారం కాదు, జీలుగు చెట్టు ఎండాకాలం ఆకలి తీర్చేది. గింజలు అయిపోయిన నెలల్లో దాని మీదే బతికేవాళ్ళు. రంప మన్సబుదారు దాని మీద చిగురు పన్ను అని వసూలు చేసేవాడు. దాని మీద సర్కారు కొత్త ఆబ్కారీ చట్టం తెచ్చి, ఇంటికోసం కల్లు గీసుకోవడం కూడా కుదరదని, కల్లు హక్కుని పల్లపు కాంట్రాక్టర్లకి పాట పెట్టింది. చెట్టు మనది, నిచ్చెన మనది, గీసేది మనం, డబ్బు కాంట్రాక్టరుకి. రెండోది అప్పులు. ఉప్పుకీ బట్టకీ వచ్చే వ్యాపారులు కాగితాలు రాయించుకుని, మనవాళ్ళు ఎప్పుడూ చూడని పల్లపు కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని, చిన్న చిన్న బాకీలకి పశువుల్ని తోలుకుపోయేవారు. మూడోది పోడు. భద్రాచలం వైపు రేకపల్లి ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అక్కడ గొడ్డలికి ఇంత అని పన్ను కట్టి పోడు కొట్టుకునేవారు. మద్రాసు కిందికి రాగానే ఆ పన్ను దాదాపు మూడు రెట్లయింది, కొన్ని చోట్ల పోడే వద్దన్నారు. అందుకే పితూరీ రంప నుంచి అక్కడికి కూడా పాకింది.

గొడ్డలి మీద పన్ను అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎకరం మీద కాదు, పంట మీద కాదు, గొడ్డలి మీద. ఒక మనిషి ఒక గొడ్డలితో ఏడాదిలో ఎంత అడవి కొట్టగలడు? తన కుటుంబం తినేంత. పన్ను వేసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. అంటే మనవాళ్ళ వాడకానికి హద్దు ఉందని అప్పటి సర్కారు లెక్కలోనే ఉందన్నమాట.

కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్ళు నాయకులు. పోలీసు ఠాణాల మీద పడ్డారు. పల్లపు పోలీసులు చాలక సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ 1880లో చనిపోయారు. పితూరీ అణిగాక సర్కారు మన్సబుదారుని తీసేసింది, కల్లు పాటలు ఎత్తేసింది. అంటే మనవాళ్ళు అడిగింది తప్పు కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. కానీ 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒక చేత్తో కల్లు చెట్టు ఇచ్చి ఇంకో చేత్తో అడవే తీసుకున్నారు. దేశమంతా రైలు పట్టాలు వేస్తున్న రోజులు, స్లీపర్లకి కలప కావాలి. అడవిని కాపాడాలి అన్న మాట అప్పుడే మొదలైంది. ఎవరికోసం కాపాడాలన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు పోడు గురించి. గైడులో ఒక పాయింటుగా చదివినవాళ్ళకి అది అడవిని తగలబెట్టడం. మా పెద్దోళ్ళు చెప్పే పోడు వేరే. చలి తగ్గాక చిన్న చెట్లు, పొదలు కొడతారు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు కొట్టరు. ఎండకి ఆరనిచ్చి వానలకి ముందు కాలుస్తారు. నాగలి పెట్టరు, కొండ వాలులో నాగలి పెడితే మన్ను జారిపోతుంది కాబట్టి కర్రతో గుంట పొడిచి గింజ వేస్తారు. సామ, కొర్ర, జొన్న, చోళ్ళు, కంది, చిక్కుడు అన్నీ ఒకే చేలో. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. రెండు మూడేళ్ళు పండించి వదిలేస్తారు. అడవి మళ్ళీ లేచాకే అక్కడికి తిరిగొస్తారు. మామిడి కొత్త పండగ చెయ్యకుండా మామిడికాయ తినకూడదు, చిక్కుడు కొత్త చెయ్యకుండా చిక్కుడు తెంపకూడదు. చిన్నప్పుడు అవ్వ చేతి దెబ్బ తిన్నాం కదా మనమంతా దీనికోసం. కాయ ముదరకుండా కోయొద్దు, ఊరందరికంటే ముందు ఒక్కడే కోసుకోవద్దు అన్న కట్టు అది. గైడులో నాలుగు పేజీల్లో చెప్పిన వనరుల నైతికత అంతా ఆ దెబ్బలో ఉంది.

పోడు వల్ల నష్టమే లేదని నేను అనను. ఇవాళ చాలా చోట్ల తిరిగొచ్చే గడువు తగ్గిపోయింది, కొండ కోలుకోవట్లేదు, వానకి మన్ను కొట్టుకుపోతోంది. కొన్ని ఊళ్ళలో పోడు భూమంతా జీడిమామిడి తోటలైంది, సామ గింజ దొరకట్లేదు. కానీ గడువు ఎందుకు తగ్గింది? రిజర్వు ఫారెస్టు గీతలు గీసి, తిరిగే చోటు తగ్గిస్తే ఉన్న చోటుకే తొందరగా తిరిగి రావాలి. ఈ ఒక్క వాక్యం గైడులో ఉండి ఉంటే నేను ఇంత పెద్ద పోస్టు రాసేవాణ్నో రాసేదాన్నో కాదు.

1922 కథ మీకు తెలుసు, త్వరగా దాటేస్తాను. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి వెట్టి చేయించడం, కూలి ఎగ్గొట్టడం, అడవి మీద ఆంక్షలు. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు. 1924 మే 7న సీతారామరాజుని చంపారు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు కూడా రాయండి పరీక్షలో, చాలామంది వదిలేస్తారు.

మనమీద పుస్తకాలు రాసినవాళ్ళలో ఒక పేరు తప్పక తెలుసుకోవాలి, హైమెన్‌డార్ఫ్. 1945లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం మా కొండరెడ్ల గురించే. గోదావరి ఒడ్డున నైజాం వైపు ఊళ్ళలో తిరిగి రాశాడు. కలప, వెదురు వ్యాపారులు అప్పుల్లో పెట్టి కొండరెడ్ల చేత అడవి కొట్టించుకోవడం ఆయన కళ్ళారా చూశాడు. కొట్టింది మనవాళ్ళ చేతులే, నిజమే. తెప్పలు కట్టి దిగువకి తోలింది కూడా మనవాళ్ళే. ఆ కలప ఎక్కడికి పోయింది? రాజమండ్రి కలప అడితీలకి, పల్లపు మిద్దెలకి. తర్వాత కాలంలో రాజమండ్రి పేపరు మిల్లుకి వెదురు కూడా కొండల నుంచే దిగింది. పోడు అడవిని నాశనం చేస్తుందని రాసుకునే నోటుబుక్కు కాగితంలో మన వెదురు ఎంతుందో ఎవరూ లెక్క కట్టలేదు.

చట్టాల సంగతి కూడా కొంచెం చెప్పాలి. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది, 1959లో ఒకటో రెగ్యులేషన్, దాన్ని సవరించి 1970లో మనం 1/70 అని పిలుచుకునేది. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు ఇవ్వడం చెల్లదంది. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం బాగు కోసం పెట్టాలని కూడా చెప్పింది. నన్నడిగితే పర్యావరణ నైతికత చాప్టర్‌లో మొదట ఉండాల్సింది ఈ తీర్పే. వనరు ఎవరిది, లాభం ఎవరికి, బాగుచేయాల్సింది ఎవరు అనే మూడు ప్రశ్నలకీ అందులో జవాబు ఉంది. కేసు మన రాష్ట్రంలోనే పుట్టింది, అనంతగిరి మండలంలో. గైడులో చిప్కో ఉంటుంది, సైలెంట్ వ్యాలీ ఉంటుంది, ఇది మాత్రం కనపడలేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మొదటిసారి ఒక చట్టం, అడవిలో ఉండేవాళ్ళకి చారిత్రక అన్యాయం జరిగిందని తన ముందుమాటలోనే ఒప్పుకుంది.

ఇక పోలవరం. దీని గురించి రాస్తే మా హాస్టల్లోనే రెండు వర్గాలు అవుతాయి, అందుకే జాగ్రత్తగా రాస్తున్నాను. ఆలోచన కొత్తది కాదు, 1940ల్లోనే రామపాదసాగర్ పేరుతో మొదలైంది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ముంపు మండలాల్ని ఆ ఏడాదే తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. దీనితో 7 లక్షల ఎకరాలకి పైగా కొత్త సాగు, 960 మెగావాట్ల కరెంటు, విశాఖకి తాగునీళ్ళు, ఫ్యాక్టరీలకి నీళ్ళు, కృష్ణా వైపుకి 80 టీఎంసీలు అని లెక్క. అవతలి వైపు లెక్క, నీటి మట్టం 45.72 మీటర్లకి చేరితే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. వాళ్ళలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. కాఫర్ డ్యాం లేచాక 2019 నుంచి వరద వచ్చిన ప్రతిసారీ దేవీపట్నం వైపు ఊళ్ళు మునగడం అందరూ టీవీలో చూశారు.

మా చుట్టాల్లో కొందరు ఇప్పుడు కాలనీ ఇళ్ళలో ఉంటున్నారు. స్లాబు ఇల్లు, కరెంటు, రోడ్డు ఉన్నాయి, లేవని చెప్పను. ఇప్పపువ్వు ఏరుకునే చోటు లేదు. మామిడి కొత్త పండగకి మామిడికాయ సంతలో కొన్నారట. పెద్దమ్మ ఆ మాట నవ్వుతూనే చెప్పింది.

పై దేశాల్లో కూడా ఇదే జరిగింది. ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ పెద్ద డ్యాం 1970లో పూర్తయింది. ఎగువన ఉండే నూబియన్లు, ఈజిప్టు సూడాన్ రెండు వైపులా కలిపి దాదాపు లక్షమంది, తాతల ఊళ్ళు వదిలి పోయారు. వాళ్ళది కూడా వేరే భాష, వేరే పద్ధతులు, నది ఒడ్డు బతుకు. దిగువ డెల్టాకి కరువు భయం పోయింది, కరెంటు వచ్చింది. కానీ ఏటా వరదతో వచ్చే ఒండ్రు డ్యాం వెనకే ఆగిపోయింది. దాంతో డెల్టా పొలాలకి ఎరువులు కొనాల్సి వచ్చింది, సముద్రం ఒడ్డుని కోసుకుంటూ లోపలికి వచ్చింది.

ఇక్కడ నేను రావులపాలెం వాళ్ళతో మాట్లాడాలనుకుంటాను. మా కాలేజీలో పక్కన కూర్చునే ఫ్రెండు వాళ్ళది లంక భూమి, అరటితోట. రావులపాలెం అరటి మార్కెట్ ఎంత పెద్దదో ఇక్కడికి వచ్చాకే తెలిసింది, గెలలు లారీలకి ఎక్కి వేరే రాష్ట్రాలకి పోతాయి. గౌతమికి వశిష్ఠకి మధ్య ఉన్న ఈ నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రే. ఆ ఒండ్రు ఎక్కడిది? ఎగువ నేలలది, కొండలది. కొండ మీద అడవి పద్ధతిగా ఉంటే నది పద్ధతిగా తెచ్చి పోస్తుంది. డ్యాములు కట్టేకొద్దీ దిగువకి వచ్చే ఒండ్రు తగ్గుతుంది. కాబట్టి కొండ కథ, డెల్టా కథ విడివిడిగా చెప్పడం వల్ల నష్టపోయేది మనమొక్కళ్ళమే కాదు. మా ఫ్రెండుకి ఈ మాట చెప్తే "మరి మాకెందుకు చెప్పరు ఈ పాఠం" అన్నాడు. వాడికి కాలవ మాత్రమే చెప్పారు, మనకి పోడు మాత్రమే చెప్పారు.

వనరుల వాడకంలో అన్యాయం భూమి కింద కూడా ఉంది, అది ఇక్కడివాళ్ళు బాగా అనుభవించారు. కోనసీమలో పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గ్యాస్ పైపు పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. గ్యాస్ పోయేది ఎక్కడెక్కడికో, కాలింది ఇక్కడి కొబ్బరిచెట్లు, ఇక్కడి మనుషులు. అందుకే డెల్టా పిల్లలకి మన మాట అర్థం కాదని అనుకోకండి. వాళ్ళతో ఈ లెక్క కలిపి మాట్లాడొచ్చు.

ఇప్పుడు అసలు పని. "అడవుల నరికివేతకు కారణాలు రాయుము" అని వస్తే ఏం రాయాలని తమ్ముళ్ళు అడుగుతున్నారు. మార్కులు పోగొట్టుకోమని నేను చెప్పను, మన ఇళ్ళలో ఒక్కో మార్కు విలువ నాకు తెలుసు. పోడు పాయింటు రాయండి. రాసి కిందే ఇంకో రెండు లైన్లు కలపండి. రిజర్వు ఫారెస్టుల వల్ల బీడు వదిలే కాలం తగ్గిందని, కలప, కాగితం, గనులు, డ్యాముల కోసం పోయిన అడవి కూడా ఉందని. పేపరు దిద్దేవాళ్ళు దానికి మార్కులు కొట్టేయరు. మా సీనియర్ అక్క ఒకామె అలాగే రాసింది, మార్కులు బాగానే వచ్చాయి.

ఈ కోర్సులో ఫీల్డ్ వర్క్ కూడా ఉంటుంది, అది మనకి మంచి అవకాశం. అందరూ ఏదో పార్కు ఫొటోలు అంటించి ఇచ్చేస్తారు. మనం సెలవులకి ఎలాగూ ఊరికి వెళ్తాం. తాతల్ని, అవ్వల్ని కూర్చోబెట్టి అడిగి రాసుకుందాం. పోడు ఎక్కడ కొట్టేవారు, ఏ చెట్టు ముట్టుకునేవారు కాదు, ఏ గింజలు కలిపి వేసేవారు, వదిలేసిన కొండకి ఎన్నేళ్ళకి తిరిగొచ్చేవారు, ఫారెస్టు గీత ఎప్పుడు పడింది, ముంపు ఊరైతే ఏ చెట్లు పోయాయి. ఊరి పేరు, తేదీ వేసి రికార్డు బుక్కులో రాసి ఇస్తే అది కాలేజీలో ఉంటుంది. 1945లో హైమెన్‌డార్ఫ్ రాసిన తర్వాత మన ఊళ్ళ గురించి మనం రాసినవి చాలా తక్కువ.

నేను సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో ముగ్గురు పెద్దోళ్ళని అడిగాను. తిరిగొచ్చే గడువు ఒకరు పన్నెండేళ్ళు అన్నారు, ఒకరు పదిహేను, ఇంకొకరు ఏళ్ళు చెప్పలేదు, కొట్టిన మొద్దు నుంచి లేచిన మాను తొడంత లావైతే అప్పుడు వెళ్ళేవాళ్ళం అన్నారు. చింతూరు, వి.ఆర్.పురం, మారేడుమిల్లి, బుట్టాయగూడెం వైపు వాళ్ళు మీ పెద్దోళ్ళు ఏమంటారో కింద రాయండి. కోయ భాషలో దానికి వేరే మాట ఉంటే అది కూడా.